విడుపు లేని పట్టు

ఔతి మళ్ళీ ఆ ఒక్క లైను దగ్గరే ఆగిపోయింది. చలికాలపు ఉత్తరాది ఊరు టాంపెరెలో తెల్లవారి చాలాసేపయినా కిటికీ బయట ఇంకా మసకే. కప్పులో కాఫీ చల్లారిపోయింది. కళ్ళు మండుతున్నాయి.

గ్రాఫిక్స్ కార్డును నడిపే కెర్నెల్ డ్రైవర్‌లో, మెమరీ చూసుకునే భాగాన్ని ఆమె వసంతం నుంచీ శుభ్రం చేస్తోంది. ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసి వదిలేసిన కోడ్ అది. సూత్రం మాత్రం చిన్నదే. మెమరీ ముక్కను వాడుకునేవాడు దానిమీద పట్టు వేయాలి, పనయ్యాక విడవాలి. చివరి పట్టు కూడా వదిలాకే ఆ ముక్క ఖాళీ అవుతుంది. ఈ లైనులో పట్టు ఉంది, దానికి విడుపు ఎక్కడా లేదు. పైన ఒక కామెంటు, యంత్రం పట్టించుకోని, చదివే మనుషుల కోసం రాసే మాట: "దీన్ని తీయొద్దు." రాసినవాడు రిస్టో. ఆ డ్రైవర్‌లోకి ఏ మార్పు వెళ్ళాలన్నా ఇప్పుడు ఒప్పుకోవలసినవాడూ అతనే.

ఆమె ఆ లైను తీసేసింది. తర్వాతి ప్యాచ్‌లన్నీ, అంటే పంపాల్సిన మార్పుల కట్టలన్నీ, అది లేదన్న లెక్కలోనే రాసుకుంటూ పోయింది. ఒక్కోదాని పైనా "ప్రవర్తనలో మార్పేమీ లేదు" అని రాయడం ఆనవాయితీ. ఆ మాట ఉంటే త్వరగా ఒప్పుకుంటారు. లేకపోతే పాత కార్డుల మీద కూడా నడిపి చూపించాలి. కొత్త కూర్పుకి మార్పులు తీసుకునే గడువు ఈ వారంతో సరి. ఆ వెంటనే కంపెనీ ఆమెను వేరే పనికి మారుస్తోంది. ఈ మార్పులు ఇప్పుడు వెళ్ళకపోతే ఈ పనిని ఇక ఎవరూ ముట్టుకోరు.

గురువారం కనుక ప్రతి వారంలాగే క్యాంటీన్‌లో బఠాణీ సూపు, పాన్‌కేక్. రిస్టో గిన్నెలో ఆవముద్ద కలుపుకుంటుంటే వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"ఆ లైను ఎందుకు రాశావు?"

"ఏ లైను?"

"తీయొద్దని గుడ్లురిమావు చూడు, అది."

"నేనా?" రిస్టో చెంచా ఆపాడు. "అప్పటికి నాకు నెత్తిన జుట్టుండేది. ఎలా గుర్తుంటుంది?"

"తీసేశాను."

"ఏమైనా చెడిందా?"

"నా దగ్గరున్న కార్డుల్లో ఏదీ చెడలేదు."

"మరింకేం? మార్పేమీ లేదని రాసి పంపు. సాయంత్రానికి తీసుకుంటాను."

ఔతి చెంచా కింద పెట్టింది. ఊఁ అంటే చాలు.

"మార్పు లేదని నాకు తెలీదు రిస్టో. కనబడలేదని మాత్రమే తెలుసు."

"నీతో ఇదే గొడవ." తన పాన్‌కేక్ కూడా ఆమె వైపు తోశాడు. "పాత కార్డు ఒకటి మా నేలమాళిగలో ఉండాలి. పారెయ్యమని మా ఆవిడ పోరుతూనే ఉంది."

మర్నాడు దాన్ని రొట్టె సంచిలో చుట్టి తెచ్చాడు. యంత్రంలో బిగించి, ఔతి మార్చిన కోడ్‌తో నడిపి, యంత్రాన్ని నిద్రపుచ్చి, లేపారు. తెర నల్లగా ఉండిపోయింది. మళ్ళీ లేపారు. నలుపే.

"ఓహో, ఇదా!" అన్నాడు రిస్టో. "ఈ దిక్కుమాలింది డ్రైవర్ కంటే ముందే లేచి పాత మెమరీ కోసం వెతుక్కుంటుంది. అందుకే ఆ ముక్కని ఎప్పటికీ వదలకుండా పట్టుకున్నాను."

"ఆ మాటే అప్పుడు రాసుంటే నీ చెయ్యి అరిగిపోయేదా?"

"తీయొద్దని రాశానుగా."

"ఎందుకో రాయలేదుగా."

రిస్టో సంచి మడత పెడుతూ నిలబడ్డాడు. "ఇదొక్కటీ వదిలేసి మిగతావి తీసుకోనా?"

"అన్నీ దీనిమీదే నిలబడ్డాయి. తిరగరాసే ఓపికా లేదు, గడువూ లేదు. వెనక్కి తీసుకుంటాను."

"తర్వాత ఎవరు చేస్తారు?"

"నువ్వే."

"నాకు గుర్తుండదే."

"తెలుసు."

ఆమె తన చోటికి వచ్చి ప్యాచ్‌లన్నిటినీ ఉపసంహరించుకుంటున్నానని రాసి పంపింది. తర్వాత పాత కోడ్ తెరిచి, "దీన్ని తీయొద్దు" కింద, పాత కార్డు నిద్రలేచే వైనమంతా వివరంగా రాసింది. అదొక్కటే కొత్త ప్యాచ్‌గా కట్టి, పైన ఆనవాయితీ మాట చేర్చింది: ప్రవర్తనలో మార్పేమీ లేదు.

రిస్టో వెంటనే ఒప్పుకున్నాడు.