శనివారం ఇనుము

పత్తికొండ మార్కెట్టుకు పండు టమాటాలు ఎత్తిన మా వ్యాను ఇంటి ముందే ఆగిపోయింది. బ్యాటరీకి చార్జింగు ఎక్కడం లేదు, డైనమో పోయిందని తేల్చేశాను. కర్నూలుకు వెళ్లి వేరేది తెస్తానంటే మా నాయన అడ్డుపడ్డాడు.

"శనివారం ఇంటికి ఇనుము తెస్తారేమిరా? రేపు పోదువులే."

నేనూ ఆగాను, నా బుద్ధి గడ్డి తిని. మరునాడు తెచ్చి, మండుటెండలో వ్యాను కింద దూరి, వేళ్లు చీరుకుపోతున్నా బిగించాను. బ్యాటరీ చార్జి చేయించి స్టార్టు చేస్తే చార్జింగు ఎర్రలైటు ఆరలేదు. పక్కింటి మెకానిక్కు వచ్చి, తెగిన రాగి వైరు ఒకటి బయటికి లాగాడు.

"పాత డైనమోకేమీ కాలేదప్పా. ఈ వైరు తెగుండాది, అంతే."

రెండు కొసలూ మెలిపెట్టగానే లైటు ఆరింది. వ్యాను వెనక నుంచి కుళ్లిన టమాటాల రసం నా చెప్పుల కిందికి కారుతోంది.

రాగి తీగకు శనివారం పట్టింపు లేదు.