పిడికిట్లో ఇనుము

నా చిన్నప్పుడు మా ఇంట్లో మూర్ఛ అనే మాట ఎవరూ పలకకూడదు. మా చిన్నాయనకు ఆ జబ్బు ఉందని నర్సంపేట దాకా అందరికీ తెలుసు. అయినా కోటలాంటి మా గడీలో మాత్రం చినదొరకు తల తిరిగిందనే అనేవారు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మా తాతయ్యే పెద్ద. అలాంటి ఇంట్లో ఒక మనిషి నురగ కక్కుతూ నేల మీద కొట్టుకోవడం జబ్బు కాదు, పరువు తక్కువ. ఇప్పుడు ఆ గడీ లేదు, ఆ భూములూ లేవు. అవి ఉన్నప్పుడు ఎలా బతికామో చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, ఆ ఒక్క రోజు గురించి తప్ప.

మూర్ఛ వస్తే చేతిలో ఇనుము పెట్టాలన్నది అందరి ఇళ్ళలో ఉన్న నమ్మకమే. మామూలు వాళ్ళు ఓ తాళంచెవి పెట్టి ఊరుకుంటారు. మా తాతయ్యకు అది చాలదు. వడ్ల కొట్లకు, భోషాణాలకు, పెద్ద దర్వాజకు ఉన్న తాళంచెవులన్నీ గుచ్చిన ఇనుప కడియమే పెట్టాలి. ఒక్కో చెవి జానెడు పొడవుండేది. దొర ఇంటి జబ్బు దొర ఇంటి ఇనుముకే లొంగుతుందని ఆయన నమ్మకం. ఆ గుత్తి తెచ్చే పని నాది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు.

ఆ రోజు పొద్దున వాకిట్లో వడ్లు కొలుస్తుండగా, ఊరి జనం ముందే చిన్నాయన పడిపోయాడు. నలుగురు జీతగాళ్ళు ఆయన మీద పడ్డారు. ఒకడు ఛాతీ మీద మోకాలు పెట్టాడు. ఇంకొకడు పళ్ళ మధ్య ఇత్తడి గరిటె దూర్చాడు. పన్ను విరిగిన చప్పుడు నాకు వినిపించింది. "పట్టుండ్రిరా, గట్టిగ పట్టుండ్రి!" అని తాతయ్య అరుస్తున్నాడు. నేను గుత్తి తెచ్చి, చిన్నాయన పిడికిలి విప్పి, కడియం లోపల పెట్టి వేళ్ళు మూశాను. చెప్పిన పని చక్కగా చేశాననుకున్నాను. మరుక్షణం ఆ చెయ్యి వాళ్ళ పట్టు తప్పించుకుంది. ఎగిరి వచ్చి ఆయన మొహం మీదే పడింది. ఒకసారి కాదు. ఆ గుత్తితో తన మొహాన్ని తానే కొట్టుకుంటూ పోయాడు. ఎడమ కన్ను చితికిపోయింది. నెత్తురు చింది నా లంగా తడిసింది.

వరంగల్ దవాఖానకు బండి కట్టమని నాయనమ్మ ఏడ్చింది. దొర కొడుకు ధర్మదవాఖాన మంచం మీద పడుకోవడమా అని తాతయ్య ఒప్పుకోలేదు. క్రైస్తవుల వాడలో మా పాత జీతగాడి బిడ్డ ఒకామె ఉండేది. నర్సు చదువు చదివి, మిషన్ దవాఖానలో పనిచేస్తూ, పండుగకని ఊరికి వచ్చింది. ఆమెను దొడ్డిదారిన పిలిపించారు. ఆ కంటికి ఆమె కట్టు కడుతుండగానే చిన్నాయన ఒళ్ళు మళ్ళీ బిగుసుకుంది.

జీతగాళ్ళు ఉరికొచ్చారు. ఆమె లేచి ముందున్న వాడిని రెండు చేతులతో తోసింది. వాడు వెళ్ళి గోడకు తగిలాడు.

"ఎవ్వలన్న చెయ్యేస్తె మంచిగుండదు చెప్తాన! కన్ను పోగొట్టిన్రు, ఇంక సాలలేదా?"

"ఎవలతోని మాట్లాడుతానవే?" అంటూ తాతయ్య చేతికర్ర ఎత్తాడు. మొదటి దెబ్బ ఆమె భుజం మీద పడింది. రెండో దెబ్బకు మోచెయ్యి చిట్లింది. ఆమె వెనక్కి తిరిగి కూడా చూడలేదు. చిన్నాయనను మెల్లగా పక్కకు ఒత్తిగిల్లజేసి, తల కింద దుప్పటి మడత పెట్టింది.

"కొట్టుండ్రి దొరా, నన్ను ఎంతసేపన్న కొట్టుండ్రి. ఆయనను మాత్రం ముట్టకుండ్రి. పాపా, జర గట్టిగ అంకెలు లెక్కవెట్టు."

నేను ఏడుస్తూనే లెక్కపెట్టాను. నూట నలభై దగ్గర చిన్నాయన ఒళ్ళు సడలింది, గురక మొదలైంది. ఆయనకు ఒక్క కొత్త గాయం లేదు. జబ్బు రెండు నిమిషాలదే. విరిగిన పన్ను, పోయిన కన్ను మేము ఇచ్చినవి.

ఆయనకు తెలివి వచ్చాక ఆమె చెవి దగ్గరకు వంగింది. "చినదొరా, మళ్ల గిట్లయితె మమ్ముల ఏం జెయ్యమంటరు?" ఇరవై ఆరేళ్ళు వచ్చినా ఆయనను ఆ మాట ఎవరూ అడగలేదు. పొద్దున తెగిన నాలుకతోనే, "ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. తాతయ్య లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత గుత్తి తెమ్మని నన్ను ఎవరూ పంపలేదు. ఆమె పంపిన మాత్రలతో చిన్నాయన ఒంటి కంటితో ఇంకో పదేళ్ళు బతికాడు.

ముట్టకూడదన్న ఆ మాటను నేను అరవై ఏళ్ళుగా పట్టుకున్నాను. ఇప్పుడు వరంగల్ కాశిబుగ్గలో నా కూతురి దగ్గర ఉంటున్నాను. మనవరాలికి ఇరవై మూడేళ్ళు. పన్నెండో ఏట నుంచి అదే జబ్బు. నాలుగు రకాల మందులు మార్చినా లొంగలేదు. పోయిన నెల మెట్ల మీద పడి దవడ విరిగింది. మెదడులో ఫిట్స్ పుట్టే చోటు తెలిసిందని, పుర్రె తెరిచి దాన్ని తీసేయవచ్చని హైదరాబాదు డాక్టరు చెప్పాడు. పూర్తిగా పోవచ్చు, కొంత తగ్గవచ్చు. పేర్లు, మాటలు వెంటనే గుర్తుకు రాకపోవచ్చు. పెద్ద ప్రమాదం అరుదే గానీ, అసలే లేదనలేనన్నాడు.

ఇంట్లో అందరూ నా వైపు చూశారు. ఆస్తి పోయినా నా మాటకు ఆ మర్యాద ఇంకా ఉంది. నేను వెన్ను వాల్చకుండా కూర్చుని ఈ కథంతా చెప్పి, నా తీర్పు వినిపించాను. "మా చిన్నాయనను పట్టిపట్టి పాడుజేసినం. ఈ పిల్ల తల మీద కత్తి పడనియ్య."

మనవరాలు కట్టు కట్టిన దవడతోనే నవ్వింది. "అచ్చం మీ తాత తీరుగనే మాట్లాడుతానవ్ అమ్మమ్మా. కర్ర ఒక్కటే తక్కువ."

"నోర్ముయ్యవే," అని నా కూతురు కసిరింది.

"అబద్ధమా? ఆ నర్సమ్మ ముట్టకుండ్రి అన్నది, సరే. మీ చిన్నాయనను ఏం జెయ్యమంటరని అడిగింది గూడ గదా. ఇంతమంది గూసున్నరు, నన్ను ఒక్కలన్న అడిగిన్రా?"

నేను లేచి వెళ్ళి ఆమె మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. మా వంశంలో పెద్దవాళ్ళు పిల్లల ముందు అలా కూర్చోగా నేను చూడలేదు.

"చెప్పు బిడ్డా. నీకేం గావాలె?"

"చేయించుకుంట. భయమైతాంది అమ్మమ్మా, శాన భయమైతాంది. అయినా చేయించుకుంట. నాకు మాట దొరకకపోతె నువ్వు అందియ్యి."

సంతకం తనే పెట్టింది. వచ్చే వారం ఆపరేషన్. ఏమవుతుందో నాకు తెలియదు. తర్వాత చూసుకోవడానికని మనవాళ్ళందరి పేర్లూ ఒక నోటుబుక్కులో రాసి పెట్టమంది. నాలుగు రోజులుగా రాస్తున్నాను. తాతయ్య పేరు రాశాను, చిన్నాయన పేరు రాశాను. తర్వాతి గీత దగ్గర కలం ఆగిపోయింది. ఆ నర్సమ్మ భుజం మీద పడ్డ కర్ర చప్పుడు ఇన్నేళ్ళుగా నాతోనే ఉంది, పేరు మాత్రం తెలియదు. మా ఇంట్లో ఆమెను ఫలానా జీతగాడి బిడ్డ అనేవారు. నేనూ ఎన్నడూ అడగలేదు. రేపు పొద్దున నర్సంపేట బస్సెక్కి ఆ వాడకు పోయి అడుగుతాను. ఆ గీత ఖాళీగా ఉంచాను.