తొట్టెలో పొత్రం

మా చిన్నోడు పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో సలహాలకు కొదవ లేదు. ఆర్మూర్‌లో పసుపు ఉడకబెట్టే రోజులవి. ఎవరి వాకిట్లో చూసినా కొమ్ములు ఆరబోసి ఉంటాయి, ఎవరికీ తలెత్తే తీరిక ఉండదు. అయినా మా ఇంటికి వచ్చి, పసివాణ్ణి చూసి, ఆ వెంటనే మా పెద్దదాని కాళ్ల వైపు చూసి నిట్టూర్చడానికి మాత్రం అందరికీ ఎక్కడలేని తీరిక దొరికింది.

పెద్దదానికి మూడేళ్లు. నెలలు నిండకుండానే పుట్టింది. కాళ్లు బిగుసుకుని ఉంటాయి, నిలబడలేదు. మోకాళ్ల దాకా వచ్చే ప్లాస్టిక్ బూట్లు కట్టి, ఫిజియోథెరపీ డాక్టర్ నేర్పిన కసరత్తులు రోజూ చేయిస్తాను. మిగతా సమయమంతా అది చేతుల మీద జరుగుతూ ఇల్లంతా ఏలుతుంది. వాకిట్లో పసుపు ఉన్నన్నాళ్లూ పొద్దున తెల్లటి గౌనుతో బయటికి వెళ్లి మధ్యాహ్నానికి పచ్చగా తిరిగొస్తుంది. నోరు మహా చురుకు. కానీ నడవని పిల్లకు చెవులు కూడా ఉండవని మా చుట్టాలు ఎందుకో గట్టిగా నమ్ముతారు. దాని ముందే, "పాపం, పోరికి తెలివన్న ఉన్నదా?" అని నన్ను అడుగుతారు. తిరిగి అదే ప్రశ్న వాళ్లను అడగాలని నాలుక చివరిదాకా వస్తుంది. బాలింతను కదా, పథ్యం కూరతో పాటు దాన్నీ మింగేస్తాను.

ఇరవై ఒకటో రోజు తొట్టెల ఫంక్షన్ పెట్టారు. ముందురోజు మా అత్తమ్మ తీర్పు చెప్పింది.

"పిల్లా, ఒకలు చంకల, ఒకలు నేల మీద. నీతోని గాదు. రేపు మీ అమ్మ వస్తది గదా, పెద్దదాన్ని ఆమెతోని వేల్పూరుకు తోలిద్దాం. చిన్నోడు జర పెద్దగయ్యేదాక ఆడ్నే ఉంటది."

"నాతోని అయితది అత్తమ్మా. నేను తోలియ్య."

"పచ్చి బాలింతవు. నీకేం తెలుస్తది?"

నా భర్త గోడ మీది సున్నాన్ని శ్రద్ధగా పరిశీలించాడు. ఇలాంటి సమయాల్లో ఆయనకు గోడల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది.

మర్నాడు మా అమ్మ ఆటో మాట్లాడుకుని మరీ వచ్చింది. భోజనాలు కాగానే బయలుదేరాలి. బట్టల సంచీ, ప్లాస్టిక్ బూట్లూ ముందే ఆటోలోకి ఎక్కాయి. కసరత్తులు ఎవరు చేయిస్తారని అడిగితే, "చేపిస్తం తియ్, గవ్వేమన్న పెద్ద పనులా?" అంది అమ్మ. ఆ బూట్లలో ఏది కుడికాలిదో కూడా ఆమెకు తెలియదు. ఇన్నాళ్ల తిప్పలతో కాస్త సాగిన కాళ్లు మళ్లీ బిగుసుకుపోతాయని నా భయం. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. తమ్ముడు రాగానే తనను ఇంట్లోంచి పంపేశారని దానికి ఇట్టే అర్థమవుతుంది.

వచ్చేవాళ్ల కంట పడకుండా దాన్ని లోపలి గదిలో కూర్చోబెట్టి, చేతికి ఫోన్ ఇచ్చారు.

ఇక్కడ నడింట్లో మర్యాదలు మొదలయ్యాయి. మా దగ్గర బిడ్డను తొట్టెలో వేసే ముందు మసాలా నూరే పొత్రాన్ని వేస్తారు. బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని. మా అత్తమ్మ ఆ పొత్రానికి నీళ్లు పోసింది, పసుపు రాసింది, బొట్టు పెట్టింది, కొత్త టోపీ తొడిగి మెత్తటి గుడ్డలో చుట్టింది. ఒక్కొక్కరూ దాన్ని ఒళ్లో పెట్టుకుని మురిసిపోయారు. మా ఆడబిడ్డ దానికి బుగ్గ ఉండాల్సిన చోట ముద్దు కూడా పెట్టింది. ఆ పొత్రానికీ నడక రాదు, మాట అసలే రాదు. తెలివన్నా ఉన్నదా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

తర్వాత పొత్రాన్ని తొట్టె కింద నుంచి అవతలికి అందించాలి. ఇవతల మా ఆడబిడ్డ వంగింది. అవతల అందుకోవాల్సింది మా అత్తమ్మ. ఆమె మోకాళ్లు మధ్యదాకా వంగి అక్కడే మొరాయించాయి. "అయ్యో, జర పట్టుండ్రే!" అని ఆడబిడ్డ అరుస్తుండగా రెండు చిన్న పచ్చటి చేతులు వచ్చి పొత్రాన్ని అందుకున్నాయి.

ఫోన్ విసుగొచ్చిందో ఏమో, పెద్దది ఎప్పుడు జరిగి వచ్చిందో ఎవరూ చూడలేదు. పొత్రాన్ని ఒళ్లోకి లాక్కుని, టోపీ ఎత్తి చూసింది.

"నాయినమ్మా, గిది తమ్ముడు గాదు. గిది పొత్రం."

ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు.

"నాకు తమ్మున్ని ఇయ్యి. నేను వేల్పూరుకు పోతే మల్ల కింద ఎవలు పట్టుకుంటరు?"

వేల్పూరు సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. దాని ముందే మాట్లాడుకున్నారంతే.

నేను లేచి వెళ్లి చిన్నోణ్ణి దాని ఒళ్లో పెట్టాను. "పడేస్తది, పడేస్తది!" అని అత్తమ్మ కేకలు పెట్టింది. అది పడేయలేదు. రెండు చేతులూ చుట్టూ వేసి ఊపిరి బిగబట్టి కూర్చుంది. వాడి నుదుటి మీద దాని వేళ్ల పసుపు అంటింది. నేను పొత్రాన్ని తీసి, టోపీతో సహా అత్తమ్మ చేతుల్లో పెట్టాను.

"అత్తమ్మా, వేల్పూరుకు ఎవల్నన్న తోలుడే కావాల్నంటే గీ పొత్రాన్ని తోలుండ్రి. ఇది గూడ నడువది."

గట్టిగానే అన్నాను. అన్నాక ఏడుపు ఆగలేదు. అంతమందిలో ముక్కు చీదుకుంటూ నిలబడ్డాను. అత్తమ్మ పొత్రాన్ని చంకకెత్తుకుంది. దాన్ని ఎక్కడ దించాలో కూడా ఆమెకు తోచలేదు.

మా అమ్మ బయటికి వెళ్లింది. ఆటోలోంచి బూట్లు పట్టుకొచ్చి మనవరాలి కాళ్ల ముందు చతికిలబడింది.

"ఇవి ఎట్ల కడ్తరో జర చెప్పు బిడ్డా."

"ఆగు అమ్మమ్మా," అంది అది, గొంతు తగ్గించి. "తమ్ముడు పండుకున్నడు."