ప్లేట్ల పెట్టెలో దర్భ

మా అమ్మకు గ్రహణమంటే భయం కన్నా ముందు పని. ముందురోజే దర్భలు తెప్పించి ఊరగాయ జాడీలో ఒకటి, ఉప్పుచేపల కుండలో ఒకటి, తాగే నీళ్ళలో ఒకటి వేసేది. మూతున్న ప్రతిదాంట్లోకీ దర్భ చేరితే ఇక ఆ సరుకుకు ఢోకా లేదని ఆమె నమ్మకం. 1950ల చివర్లో, ఒక వేసవి గ్రహణం ముందు నేను ఆ సంగతి మరిచిపోయాను. తప్పు నాదే, కానీ ఆ మాట ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

అప్పటికి నేను కావలిలో ఒక ఫోటో స్టూడియోలో పనిచేస్తున్నాను. జువ్వలదిన్నెలో చేపలు పట్టే ఇంట్లో పుట్టి కూడా తెప్ప ఎక్కితే కడుపులో తిప్పే ప్రాణం నాది. వీడు ఏం చేసి బతుకుతాడో అని ఊరంతా జాలిపడేది. ఆ జాలి చూస్తే నాకు ఒళ్ళు మండేది. స్టూడియోకు వచ్చే సైన్సు లెక్చరరు గారు ఒకరోజు ఒక మాట చెప్పారు. ఎక్కడో కొండమీద సూర్యుణ్ణి ఫోటోలు తీసే పరిశోధనశాల ఉందట. ముందు రాబోయే సంపూర్ణ గ్రహణం కోసం వాళ్ళు దూరదేశం వెళ్తారట. ఫిల్ముకు బదులు వాడే గాజు ప్లేట్లతో పనిచేయడం చేతనైన మనిషి కావాలట.

"ఈ వేసవిలో మనకు కనిపించేది పాక్షికమే. అయినా తీసి చూపించు. ఫోటో ఉంటే నేను ఉత్తరం రాస్తాను" అన్నారాయన.

ఇక నాకు నిద్ర కరువైంది. కళ్ళద్దాల షాపులో బతిమాలి అతి తక్కువ పవరున్న అద్దం ఒకటి సంపాదించాను. దానికి ఆరడుగుల చెక్క గొట్టం కట్టి, లోపల నల్ల కాగితం అంటించి, వెనకవైపు స్టూడియో కెమెరా బిగించాను. స్టూడియో యజమాని మూడంటే మూడు గాజు ప్లేట్లు ఇచ్చాడు. గ్రహణం ముందురోజు, వేడి తగలకూడదని ఆ ప్లేట్ల పెట్టెను కిటికీ లేని మా వంటింట్లో నీళ్ళ కుండ పక్కన పెట్టి, "దీన్ని తాకొద్దు" అని చెప్పి గొట్టం నిలబెట్టే చోటు చూసుకోవడానికి సముద్రం ఒడ్డుకు వెళ్ళాను. ఎందుకు తాకకూడదో చెప్పలేదు. అమ్మకు అర్థం కాదులే అనుకున్న పెద్ద తెలివి నాది.

పొద్దుగూకాక, ప్లేట్లను కెమెరా చట్రాల్లోకి ఎక్కించడానికి గది తలుపు వేసి, సందులకు గుడ్డలు కుక్కి, చీకట్లో పెట్టె తెరిచాను. వేళ్ళకు గాజు తగలాల్సిన చోట గడ్డిపోచ తగిలింది. తడిమి చూస్తే మూడు ప్లేట్ల మీదా ఒక్కో దర్భ.

ఇల్లెగిరిపోయేలా అరిచాను.

"వెలుగు తగిలితే ఇవి చచ్చిపోతాయి మా! నా నోట్లో మట్టి కొట్టినావు!"

"ఎండలో తీయలేదు గదరా నాయనా" అంది అమ్మ. "దీపం దూరంగా బెట్టే తీసినా. నువ్వు ఇన్నాళ్ళు తిప్పలు పడింది ఆ పెట్టె కోసమే గదా, దానికి గ్రహణం తగలగూడదనే వేసినా."

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఆమె కూడా తినలేదని మర్నాడు తెలిసింది.

కొత్త ప్లేట్లు తెచ్చుకునే వ్యవధి లేదు. తెల్లారి ఆ మూడే తీసుకుని ఒడ్డుకు వెళ్ళాను. గ్రహణమని ఎవరూ వేటకు వెళ్ళలేదు. ఒడ్డున ఆగిన ఒక తెప్ప మీద గొట్టం ఆనించి సూర్యుడికి గురిపెట్టాను, గానీ గాలికి అది ఊగుతోంది. విసుక్కుంటూ ఉంటే వెనక నుంచి రెండు చేతులు వచ్చి గొట్టాన్ని గట్టిగా పట్టుకున్నాయి. అమ్మ! గ్రహణం వేళ గడప దాటని మనిషి, సూర్యుడికి వీపు పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడింది. గొట్టం కదలడం మానేసింది. ఆమె అలా పట్టుకుని ఉండగానే మూడు ప్లేట్లూ తీసేశాను. నాకు సిగ్గేసింది.

కావలి వెళ్ళి ప్లేట్లను మందు నీళ్ళలో కడిగాను. రెండు పూర్తిగా నల్లబడ్డాయి. మూడోది కాస్త నయం, ప్రింటు వేస్తే పాలిపోయి వచ్చింది. అందులో సూర్యుడున్నట్టూ లేనట్టూ ఉన్నాడు. అయితే మధ్యలో అడ్డంగా ఒక సన్నని నల్లని గీత. ఆ గీత మేరకు మాత్రం సూర్యుడు తెల్లగా, చంద్రుడు కొరికిన అంచుతో సహా స్పష్టంగా ఉన్నాడు. లెక్చరరు గారు దాన్ని భూతద్దంతో చాలాసేపు చూశారు. "ప్లేటు ఎలా చెడిందో చెప్పగలిగినవాడే వాళ్ళకు కావాలి" అంటూ జరిగినదంతా నా చేతనే రాయించి, ఆ ప్రింటు జతచేసి, తన ఉత్తరంతో పంపారు.

ఇంకో ప్రింటు ఇంటికి తెచ్చి అమ్మకు చూపించాను.

"ఇదేందిరా, ఈడ మటుకు తేటగా ఉండాది?" అంటూ గీత మీద వేలు పెట్టింది.

"నువ్వేసిన దర్భ మా. దాని కింద మటుకు దీపం వెలుగు పడలేదు."

అమ్మ ప్రింటును వెలుతురు వైపు తిప్పి చూసింది.

"అయితే ఇంకో నాలుగు వేసుండాల్సింది" అంది.

రెండు నెలలకు పరిశోధనశాల నుంచి రమ్మని కబురొచ్చింది. బయల్దేరే రోజు నా ట్రంకు పెట్టె సర్దుతుంటే అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది, లోపలికి రాలేదు. చేయి వెనక్కి పెట్టుకుని ఏదో దాస్తోంది. ఆ రోజు గ్రహణమేమీ లేదు. నేను లేచి, పెట్టె మూత పూర్తిగా తెరిచి, ఆమె ముందుకు జరిపాను.