రత్నమ్మ కరివేపాకు చెట్టు

తొమ్మిదేళ్లుగా ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. మీరు మా వీధివాళ్లు కారు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా ఊరు కూరెకుప్పలో, మా వీధిలో, మొక్కల సంగతి ఏదైనా నన్నే అడుగుతారు. నిమ్మపూత రాలుతోందా, మల్లె మొగ్గ వేయడం లేదా, ఫోన్‌లో ఫోటో తీసుకుని వచ్చేస్తారు. నేనూ చెబుతాను. ఎరువు చెట్టు మొదట్లో వేయకండి, మూరెడు దూరంలో చుట్టూ గాడి తీసి వేయండి. బాగా మాగినదే వేయండి. నేల తడిగా ఉన్నప్పుడే వేసి, వేశాక మళ్లీ నీళ్లు పెట్టండి. ఇదంతా నాకు నోటికి వచ్చు. అప్పుడూ వచ్చు. అదే నా బాధ. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

పక్కింటి రత్నమ్మ పెరట్లో కరివేపాకు చెట్టు ఉండేది. ఆమె దానికి ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. బియ్యం కడిగిన నీళ్లు, ఎప్పుడైనా పుల్లమజ్జిగ, అంతే. అది ఇంటి కప్పు దాటి పెరిగింది. పొద్దున్నే వీధి ఆడవాళ్లంతా రెండు రెబ్బల కోసం ఆ గుమ్మంలోనే. కబుర్లు, నవ్వులు. నేను నడుం విరిగేలా చాకిరీ చేసినా నా కరివేపాకు మోకాలి ఎత్తు దాటలేదు. నా గుమ్మంలోకి సలహా కోసం వచ్చేవాళ్లే గాని నిలబడి మాట్లాడేవాళ్లు లేరు. ఇంత చిన్నదానికా అంటారా? అవును, ఇంత చిన్నదానికే. నాకే సిగ్గుగా ఉంది.

తొమ్మిదేళ్ల కిందట ఒక ఎండాకాలం ఆ చెట్టు ఆకులు పాలిపోయాయి. రత్నమ్మ గోడ దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఆకంతా పసుపుబారతాండాది. ఏమెయ్యాల?"

"యూరియా యెయ్యి. మొదట్లోనే మూడు శేర్లు పొయ్యి. వారం దినాలు నీళ్లు పెట్టొద్దు."

"అంత యేస్తే కాలిపోదా అక్కా?"

"సుమ్నే, మాట్లాడకుండా యెయ్యి. నాకు తెల్దా?"

"నీకు తెల్సినంత నాకేం తెల్సులే అక్కా."

మధ్యలో ఆగి, వద్దులే, మజ్జిగలో నీళ్లు కలిపి పొయ్యి అనొచ్చు కదా? మర్నాడు అనొచ్చు. మూడో రోజైనా అనొచ్చు. వారం పాటు ఆ గోడ పక్కనే బట్టలారేస్తూ, ఆకుల అంచులు మాడిపోవడం చూస్తూ, ఇప్పటికైనా నీళ్లు పోయమని చెప్పవే అని నన్ను నేనే తిట్టుకుంటూ, నోరు మాత్రం తెరవలేదు. నెల తిరిగేసరికి చెట్టు కట్టె అయింది.

నన్నెవరూ అనుమానించలేదు. మా ఊళ్లో ఏ చెట్టు ఎండినా నేరం ఇనుప గనుల లారీలు లేపే ఎర్ర దుమ్ము మీదికే పోతుంది. రత్నమ్మ కూడా అదే నమ్మింది. దుమ్మే తినేసిందని ఏడ్చింది. నేను ఔనన్నాను. ఔనన్నాను! చేసిన పని కన్నా ఆ ఔననడమే నన్ను ఎక్కువగా కాల్చుకు తింటోంది.

అప్పటినుంచి ఆమె పొద్దున్నే పెరట్లో ప్రతి మొక్క ఆకులూ కడుగుతుంది. కొళాయి రోజూ రాదు. మోకాళ్ల నొప్పులు. అయినా చెంబు పట్టుకుని ఒక్కొక్క రెబ్బా తుడుస్తుంది. గోడ మీదుగా అటు వాలిన నా నిమ్మ కొమ్మల్ని కూడా వదలదు. "నీ చెట్టన్నా బతకనీ అక్కా" అంటుంది. నాకు ఒళ్లు మండిపోతుంది. ఎవరి మీద? ముందు ఆమె మీదే. అంత మంచిగా ఉండమని ఎవరు చెప్పారు ఈ మనిషికి? ఆ తర్వాత నా మీద.

ఈ నెల ఆమె కొత్త కరివేపాకు మొక్క నాటింది. ఈసారి ఎంత యూరియా వేయాలని ఇవాళ పొద్దున నన్నే అడిగింది. యూరియా వద్దు, నీళ్లు కలిపిన పుల్లమజ్జిగ చాలన్నాను. మరి అప్పుడెందుకు వేయమన్నావని అడుగుతుందేమోనని ఆమె మొహంలోకే చూశాను. అడిగితే చెప్పేసేదాన్నేమో. ఆమె తలూపి, చెంబు తీసుకుని, నా నిమ్మాకులు కడగడం మొదలుపెట్టింది.

ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్కసారైనా నా చేత్తో రాసుకోవాలి, అంతే. రత్నమ్మ చెట్టును దుమ్ము చంపలేదు. నేను చంపాను.

రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. గోడ అవతల చెంబు చప్పుడు ఇంకా ఆగలేదు.