మూడు టిక్కుల గిరియప్ప

వెంకటగిరియప్ప కంటికి కనిపించిందల్లా కొలిచేవాడు. కొలిచి ఊరుకుంటే సరేనప్పా, ఆ అంకె వీధంతా వినేట్టు అరిచేవాడు. యుద్ధం రోజుల్లో బెంగళూరు హలసూరులో మాది ఒకే వఠారం. నేను తెలుగు బడి అయ్యవారిని. ఆయనకి విమానాల సామాన్లు చేసే ఫ్యాక్టరీలో, ఇనుము తిప్పి చెక్కే లేతు మిషను మీద పని.

ఆయన కోటు జేబులో ఎప్పుడూ మైక్రోమీటరు ఉండేది. గుర్రపు లాడం మాదిరి ఇనప సామాను. ఒక కొన కదలదు, రెండో కొనలోంచి స్క్రూ వస్తాది.

"అయ్యవారూ, ఒక చుట్టు తిప్పితే స్క్రూ అంగుళంలో నలభయ్యో వంతు పోతాది. ఈ గొట్టం చుట్టూ ఇరవై అయిదు గీతలుండాయి. అంటే ఒక్కో గీత అంగుళంలో వెయ్యో వంతు. మీ లెక్కల పుస్తకంలో ఉండాదా ఇది?"

"లేదప్పా. ఇంకా గట్టిగా బిగిస్తే?"

"అబద్ధం చెప్తాది. అందుకే చివర్న ఈ చిన్న పిడి. వస్తువు తగిలినాక ఇది జారి టిక్కుమంటాది. మూడు టిక్కులు చాలు. నాలుగోది దురాశ."

కొలిచే ముందు రెండు కొనలూ కలిపి, సున్నా సున్నాకి తగిలిందా అని చూసుకునేవాడు. పూజకి ముందు ఆచమనం అన్నమాట. ఆ తర్వాత పెళ్లాం జయమ్మ తలవెంట్రుక. "మూడు గీతలు" అని అరిచేవాడు. "పెళ్లినాడు నాలుగుండె" అని ఇంకా గట్టిగా. ఆయమ్మ గరిటె తీసేది.

గోపాలప్ప హోటల్లో దోసె రాగానే టిక్, టిక్, టిక్.

"నూట పన్నెండు. నిన్న నూట ఇరవై. ఎనిమిది గీతలు ఎక్కడికి పోయినాయి గోపాలప్పా?"

"నిన్న నువ్వే తింటివి కదా స్వామీ, నీ కడుపు కొలుచుకో."

ఇట్లుండగా ఫ్యాక్టరీకి కొత్త ఆఫీసరొచ్చినాడు. రేపు ఒక్కొక్కరి చేతా కొలిపిస్తాను, కొలత చదవలేనోడు ఇంటికే అన్నాడు. ఆ సాయంత్రం గిరియప్ప పక్క లేతు ఓబళప్ప నా దగ్గరికొచ్చి కూలబడినాడు. నలుగురు ఆడపిల్లల తండ్రి.

"అయ్యవారూ, మూడు నెలలాయ, నాకా గీతలు కనబడవు. కళ్లద్దాలు ఓడలో రావాల. యుద్ధంలో ఆ ఓడ ఎక్కడుండాదో."

"మరి ఇన్నాళ్లూ ఎట్ల చేస్తివి?"

"చేతికి పని తెలుసు. అంకె మాత్రం ఆ గిరియప్ప పిచ్చోడు నేను లేతు మీద చేసిన కడ్డీలన్నీ లాక్కుని కొలిచి అరుస్తాడు కదా, అది విని రాసుకునేది. రేపు ఎవరు అరుస్తారు?"

"ఆయనకే చెప్పరాదా?"

"చెప్తే అదీ అరుస్తాడు."

అదీ నిజమే అనుకున్నాను.

మర్నాడు జరిగింది ఓబళప్పే చెప్పినాడు. ఆఫీసరు దొర కడ్డీ పట్టుకుని వచ్చేసరికి గిరియప్ప మైక్రోమీటరుతో అడ్డం పడినాడంట. దొర కోటు గుండీ: "తొంభై అయిదు." దొర పెన్సిలు: "రెండు వందల ఎనభై." దొర చేతిలో కడ్డీ లాక్కుని, టిక్ టిక్ టిక్: "నాలుగు వందల తొంభై ఎనిమిది." దొర మీసంలోంచి ఒక వెంట్రుక పీకబోయినాడు.

"ఈ పిచ్చోణ్ణి అవతలికి లాగండి" అన్నాడు దొర, కడ్డీ వెనక్కి గుంజుకుని ఓబళప్ప చేతిలో పెట్టి.

ఓబళప్ప బిగించినాడు. మూడు టిక్కులు. గీతల్లోకి మహా గంభీరంగా చూసినాడు.

"నాలుగు వందల తొంభై ఎనిమిది, సార్."

దొర కొలిచి చూసి తలూపి ముందుకు పోయినాడు. గిరియప్ప కేకల్లో ఏది గుండీదో ఏది కడ్డీదో ఆయన చెవికి ఎక్కనే లేదు. మీసం కాపాడుకునే తొందరలో ఉండాడు పాపం.

రెండు నెలలకి అద్దాలొచ్చినాయి. ఆ రోజు నుంచి ఫ్యాక్టరీలో గిరియప్ప ఒక్క అంకె అరిస్తే ఒట్టు. ఓబళప్ప అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "అయ్యవారూ, ఈయన పిచ్చోడు కాదు" అన్నాడు.

నేను పోయి గిరియప్పనే అడిగేసినాను. "నిజం చెప్పప్పా. వాని కళ్ల సంగతి తెలిసే అరిచినావా? వాని కడ్డీలే అరిస్తే అనుమానమొస్తాదని ఊరంతా కొలిచినావా?"

"అయ్యవారికి చెవి మందమైనట్టుండాది, ఏవేవో వినిపిస్తా ఉండాయి. ఇట్లా రాండి."

నా చెవి తమ్మెకి చల్లగా ఇనుము తగిలింది. టిక్, టిక్, టిక్.

"నూట అరవై" అన్నాడు, నాకొక్కడికే వినపడేట్టు.