నాయన జేబులో విత్తనాలు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉండనీ. ఆ కోపమే లేకుంటే నాయన మాకు దక్కేవాడు కాదు.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. నల్లమాడ పక్కన మా పల్లె, వానను నమ్ముకున్న మెట్టచేను. నాయనకు విరేచనంలో రక్తం పడుతోంది. అనంతపురం డాక్టరు వెనకనుంచి గొట్టం పంపి పేగు చూడాలన్నాడు. పదిమందికి పంచాయితీ చెప్పే మనిషి నాయన. పైపంచె దులుపుకుని లేచాడు.

"పానం పోతే పోనీ. పద పాపా."

బెంగుళూరులో స్కానింగుతోనే పేగు లోపలంతా చూస్తారని, పాలిప్ అనే చిన్న గడ్డలుంటే కంప్యూటరే వెదికి ఎర్రగా గుండ్రం గీస్తుందని తెలిసి అక్కడికి బయల్దేరదీశాను. గాలి నింపడానికి వాళ్లూ ఒక చిన్న గొట్టం పెడతారట. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పేదాన్నీ కాదు.

ముందురోజు ఏమీ తినకుండా, మందు తాగి కడుపు ఖాళీ చేసుకోవాలన్నారు. నాయన సంగటి ముట్టలేదు. కానీ ఆ వారమే వాన పడింది. ఇంట్లో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్నారు. మా వైపు ఆ గింజలు తింటే తిన్నట్టు కాదు. దోసెడు నమిలినవాడు కూడా పొద్దున్నుంచి ఏమీ తినలేదంటాడు, అది అబద్ధమని ఎవరూ అనుకోరు. బస్సులోనూ నాయన ఏదో నములుతుంటే వక్కపొడి అనుకున్నాను.

లోపల గాలి నింపి, స్కానింగు వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి తీశారు. బయటికొచ్చిన నాయన నా మొహం చూడలేదు. తెర మీద పేగు పొడవునా ఎర్ర గుండ్రాలే. అన్నీ గడ్డలేననుకున్నాను.

"ఏం తిన్నారు?" అన్నాడు అక్కడి డాక్టరు.

"ఏమీ తినలేదప్పా. నాలుగు శెనక్కాయ ఇత్తనాలు నోట్లో ఏసుకున్నా, అంతే."

డాక్టరు తల పట్టుకున్నాడు. "గింజేదో గడ్డేదో కంప్యూటరుకి తెలీదు. ఈ పల్లెటూరివాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా ఇంతే. వచ్చే నెల రండమ్మా, మళ్లీ తీద్దాం."

వచ్చే నెలా? విత్తనం పడితే ఇక నాయన చేను వదిలి రాడు. అప్పుడే చెప్పుల కోసం చూస్తున్నాడు. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"సార్, రెండు పక్కలా ఎందుకు తీసినారు?"

"కడుపులో ఏదైనా మిగిలుంటే మనిషి తిరిగినప్పుడు అదీ జారుతుంది. గడ్డ అతుక్కుని ఉంటుంది, జారదు."

"అట్లయితే జారనిది యాడన్నా ఉండాదేమో చూడండి."

"ఇన్నీ చూడాలంటే ఎంతసేపమ్మా? బయట జనం ఉన్నారు."

"ఉండనీండి సార్. మేము ఈడే కూచుంటాం. పల్లెటూరోళ్లం గదా, మాకు తొందర లేదు."

డాక్టరు నావైపు ఒకసారి చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి ఒక్కో గుండ్రమే చూడసాగాడు. ఇది జారింది. ఇదీ జారింది. అనవసరంగా మొండికేశానేమోనని నాకే అనిపించింది. ఇంక కొన్నే మిగిలాయనగా ఆయన చెయ్యి ఆగిపోయింది. రెండు బొమ్మల్లోనూ అదే మడతలో, అదే చోట.

"ఇది గింజ కాదమ్మా," అన్నాడు, గొంతు తగ్గించి.

ఆ గడ్డ తియ్యాలంటే మళ్లీ అనంతపురం డాక్టరు చెప్పిన గొట్టమే. నాయన తలుపు వైపు చూశాడు. నేను వెళ్లి తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"నీకు సిగ్గయితే కానీలే నాయనా. నాకు నువ్వు కావాల."

నాయన జేబులో మిగిలిన గింజలు తీసి నా చేతిలో పోశాడు.

"పెట్టుకో. ఇంటికి పోయినాక ఇత్తుకోవాల."

గడ్డ తీసేశారు. ఇంకా ముదరలేదన్నారు. ఆ ఏడాది ఊళ్లో అందరికంటే ఆలస్యంగా విత్తాం. వాన పదును పోగొట్టుకున్నావని నవ్వినవాళ్లకు నాయన మీసం దువ్వుతూ ఒకటే జవాబు చెప్పేవాడు:

"నేనేం చేసేదప్పా? మా పాప కుర్చీలోంచి లెయ్యలేదు."